స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

పదిమందికీ కంప్యూటర్లు సరిచేసిపెట్టే పనిలో ఉన్నాను. "మూత వేసేస్తే చాలా, ఆపెయ్యాలా?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. చెప్పిందే చెప్పి చెప్పి, చివరికి ఇలా రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. కమాండ్లను మాత్రం పలికినట్టు తెలుగులో రాశాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పవర్‌సీఎఫ్‌జీ అంటే ‘పవర్’ అన్న మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు ఖాళీ లేకుండా అతికించడం.

## ముందు అసలు సంగతి

స్లీప్‌కీ హైబర్నేట్‌కీ తేడా ఒక్క ముక్కలో చెప్తారా?

తెరిచి ఉన్న పనిని స్లీప్ ర్యామ్‌లోనే (కంప్యూటర్ నడుస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీలో) ఉంచుతుంది, హైబర్నేట్ డిస్కు మీద రాసిపెడుతుంది. ర్యామ్‌కి కరెంటు ఉండాలి, డిస్కుకి అక్కర్లేదు. స్లీప్ రెండు మూడు సెకన్లలో లేస్తుంది, కానీ బ్యాటరీ తింటూ ఉంటుంది. హైబర్నేట్ లేవడానికి కొంచెం టైము పడుతుంది, కానీ నెల రోజులు పక్కన పడేసినా ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలవుతుంది.

స్లీప్‌లో అన్నీ ఆగిపోతాయి కదా, ఇంకా కరెంటు దేనికి?

ర్యామ్ కోసం. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో చార్జి రూపంలో ఉంటుంది. చిల్లు కుండలో నీళ్లలాగా ఆ చార్జి కారిపోతూ ఉంటుంది. పూర్తిగా కారిపోకముందే, మామూలు వేడిలో 64 మిల్లీసెకన్లలోపు, ప్రతి గడినీ ఒకసారి చదివి మళ్లీ నింపాలి. అంటే సెకనుకు పదిహేనుసార్లు, కోట్లాది గడులకు. ప్రాసెసర్, డిస్కు, ఫ్యాను, స్క్రీన్ అన్నీ ఆగిపోయినా ర్యామ్ చిప్పులు మాత్రం ఈ నింపుడు పని మానవు. మీరు సగంలో వదిలేసిన ఉత్తరం రాత్రంతా నిలిచి ఉండేది దీనివల్లే. కరెంటు పూర్తిగా తీసేస్తే కాసేపట్లోనే అంతా పోతుంది.

స్క్రీన్ ఆరిపోయింది అంటే స్లీప్‌లోకి వెళ్లినట్టేనా?

కాదు. స్క్రీన్ ఒక్కటే ఆరి ఉండొచ్చు. అప్పుడు డౌన్‌లోడ్లు నడుస్తూనే ఉంటాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మౌస్ కదపగానే వెంటనే వెలుగు వస్తుంది. నిజంగా స్లీప్‌లోకి వెళ్తే ఫ్యాను చప్పుడు ఆగిపోతుంది, చాలా మోడళ్లలో పవర్ లైటు మెల్లగా వెలిగి ఆరుతుంటుంది.

ఎస్3, ఎస్4 అని రాస్తుంటారు, అవేంటి?

కంప్యూటర్ ఎంత లోతుగా నిద్రపోయిందో చెప్పే మెట్లు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అన్న ప్రమాణాన్ని విడుదల చేశాయి, ఈ పేర్లు అందులోవి. ఎస్0 అంటే మెలకువ. ఎస్3 మనం స్లీప్ అనేది. ఎస్4 హైబర్నేట్. ఎస్5 అంటే ఆపేసినట్టు. ఎస్1, ఎస్2 కూడా ఉన్నాయి గానీ ఇప్పుడు వాటి ఊసెత్తేవాళ్లు లేరు.

మోడర్న్ స్టాండ్‌బై అంటే ఏంటి? మా ల్యాప్‌టాప్‌లో ఏది ఉందో ఎలా తెలుస్తుంది?

ఫోన్ స్క్రీన్ ఆపినా మెసేజీలు వస్తుంటాయి కదా, ల్యాప్‌టాప్ కూడా అలాగే ఉండాలన్న ఆలోచన ఇది. 2012లో విండోస్ 8తో ‘కనెక్టెడ్ స్టాండ్‌బై’ పేరుతో మొదలై, విండోస్ 10 నాటికి మోడర్న్ స్టాండ్‌బై అయింది. ఇందులో కంప్యూటర్ ఎస్3లోకి దిగదు. ఎస్0లోనే ఉండి, భాగాలను ఒక్కొక్కటిగా జోకొట్టి, మధ్యమధ్యలో లేచి చిన్న చిన్న పనులు చేసుకుంటుంది.

కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో కమాండ్లు టైపు చేసే నల్ల విండో) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ ఎ అని కొట్టండి. వచ్చిన జాబితాలో ‘స్టాండ్‌బై ఎస్3’ ఉంటే పాత పద్ధతి. ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ ఉంటే కొత్తది (ఇక్కడ ‘లో’ అంటే తక్కువ అనే ఇంగ్లిష్ మాట). ఏది ఉండాలో ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్లు ఫర్మ్‌వేర్‌లో, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాంలో, ముందే తేల్చేస్తారు. మార్చుకునే వీలు కొద్ది మోడళ్లలోనే ఉంటుంది.

నా మటుకు నాకు పాత ఎస్3యే నచ్చుతుంది. పడుకుంటే పడుకున్నట్టే ఉంటుంది.

హైబ్రిడ్ స్లీప్ అని ఇంకోటి ఉంది, అది ఎవరికి?

డెస్క్‌టాప్‌లకి. 2007లో విండోస్ విస్టాతో వచ్చింది. పనిని డిస్కు మీద కూడా రాసిపెట్టి, ఆ తర్వాత స్లీప్‌లోకి వెళ్తుంది. కరెంటు ఉంటే ర్యామ్ నుంచి చకచకా లేస్తుంది, మధ్యలో కరెంటు పోతే డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. డెస్క్‌టాప్‌కి బ్యాటరీ ఉండదు కాబట్టి ఈ జాగ్రత్త.

## ఏది ఎప్పుడు

రోజూ రాత్రి షట్‌డౌన్ చేయాల్సిందేనా?

అక్కర్లేదు. స్లీప్‌లో ఉంచినంత మాత్రాన కంప్యూటర్ పాడైపోదు. అయితే వారానికి ఒకసారైనా రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్లు కుదురుకుంటాయి, ఏదో ఒక ప్రోగ్రాం ఆక్రమించి వదలని ర్యామ్ ఖాళీ అవుతుంది. గమనించండి, నేనన్నది రీస్టార్ట్, షట్‌డౌన్ కాదు. విండోస్‌లో ఈ రెండూ ఒకటి కావు, ఎందుకో కింద టాస్క్ మేనేజర్ ప్రశ్న దగ్గర చెప్పాను.

గంటసేపు లేస్తే ఏది, ఊరెళ్తే ఏది?

భోజనానికో మీటింగుకో లేస్తే స్లీప్. రాత్రికి చార్జర్ పెట్టి ఉంటే స్లీప్, లేకపోతే హైబర్నేట్. బ్యాగులో పెడితే ఎంత దూరమైనా హైబర్నేటే. రెండు మూడు రోజులు ముట్టుకోరని తెలిస్తే, తెరిచి ఉన్న పని ముఖ్యమైతే హైబర్నేట్, లేదంటే షట్‌డౌన్.

స్లీప్‌లో రాత్రంతా వదిలేస్తే బ్యాటరీ ఎంత తగ్గుతుంది?

మీరే లెక్కేసుకోవచ్చు. బ్యాటరీ 50 వాట్ అవర్లది అనుకుందాం. స్లీప్‌లో అర వాటు లాగితే 8 గంటలకు 4 వాట్ అవర్లు, అంటే 8 శాతం. ఇది ఫర్వాలేదు. అదే మోడర్న్ స్టాండ్‌బైలో ఏదో ప్రోగ్రాం కుదురుగా ఉండనివ్వక సగటున 3 వాట్లు లాగిందనుకోండి, పొద్దున్నకి 24 వాట్ అవర్లు హరీ. సగం బ్యాటరీ అన్నమాట. "రాత్రి ఫుల్లుగా పెట్టాను, పొద్దున సగమే ఉంది" అనేవాళ్ల సమస్య సాధారణంగా ఇదే, పాపం బ్యాటరీది కాదు.

హైబర్నేట్ ఎక్కువగా వాడితే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందంటారు, నిజమేనా?

రాసిన ప్రతిసారీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కు) కొంచెం అరిగే మాట నిజం. కానీ ఎంత? ఒక్కో హైబర్నేట్‌కి 6 జీబీ రాస్తుందనుకుని, రోజుకొకసారి చొప్పున లెక్కేస్తే ఏడాదికి సుమారు 2.2 టీబీ. 300 టీబీ దాకా రాయొచ్చని హామీ ఉన్న 500 జీబీ ఎస్ఎస్‌డీలు మామూలుగానే దొరుకుతాయి. హైబర్నేట్ ఒక్కటే దాన్ని అరగదీయాలంటే 130 ఏళ్లకు పైగా పడుతుంది. రోజుకు ఐదుసార్లు చేసినా పాతికేళ్లు. అప్పటిదాకా ల్యాప్‌టాపే ఉండదు, టెన్షన్ పడకండి.

డౌన్‌లోడ్ పెట్టి స్లీప్‌లో ఉంచితే పూర్తవుతుందా?

ఎస్3 స్లీప్‌లో, హైబర్నేట్‌లో అస్సలు నడవదు. మోడర్న్ స్టాండ్‌బైలో కూడా నమ్ముకోవద్దు. స్క్రీన్ మాత్రం ఆరేలా పెట్టుకుని కంప్యూటర్‌ని మెలకువగానే ఉంచండి.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా, టాస్క్ మేనేజర్ మాత్రం తొమ్మిది రోజుల నుంచి నడుస్తున్నట్టు చూపిస్తోంది. ఎలా?

టాస్క్ మేనేజర్ అబద్ధం చెప్పడం లేదు. మీరు చేసిందే అసలైన షట్‌డౌన్ కాదు.

విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ నొక్కగానే మీ ప్రోగ్రాములన్నీ మూసేసి, మిమ్మల్ని లాగాఫ్ చేసి, లోపలి కెర్నెల్‌ని (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లని (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాములు) మాత్రం హైబర్నేట్ చేసి పడుకోబెడుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు వాటిని మొదటి నుంచి కట్టుకురాకుండా డిస్కు మీది కాపీని ఎత్తుకుంటుంది. అందుకే త్వరగా లేస్తుంది, అందుకే నడిచిన సమయం సున్నాకి రాదు. నిన్న మొరాయించిన డ్రైవర్ ఇవాళ కూడా అదే స్థితిలో లేస్తుంది.

"షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, అయినా బాగుపడలేదు" అని ఫోన్ చేసేవాళ్లకు నేను మొదట చెప్పే మాట రీస్టార్ట్ నొక్కమని. రీస్టార్ట్‌లో ఫాస్ట్ స్టార్టప్ పనిచేయదు, అంతా కొత్తగా మొదలవుతుంది. షట్‌డౌనే పూర్తిగా కావాలంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి.

## సెట్టింగులు

పవర్ మెనూలో హైబర్నేట్ కనిపించడం లేదు, ఎక్కడుంది?

విండోస్‌లో చాలా కంప్యూటర్లకు అది దాచి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమ పక్కన ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ నొక్కండి. పైన ‘ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ అని ఉంటుంది, అది నొక్కితేనే కింద బూడిద రంగులో ఉన్న పెట్టెలు తెరుచుకుంటాయి. హైబర్నేట్‌కి టిక్కు పెట్టి సేవ్ చేయండి. అసలు ఆ పెట్టే లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొట్టి మళ్లీ చూడండి.

సీ డ్రైవ్‌లో హైబర్‌ఫిల్ అనే ఫైలు 6 జీబీ తినేస్తోంది. డిలీట్ చేయొచ్చా?

మామూలుగా డిలీట్ చేస్తే పోదు, సిస్టమ్ ఒప్పుకోదు. హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లోని సంగతులన్నీ కుదించి రాసేది అందులోనే. విండోస్ 10, 11లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం మేర చోటు పట్టుకుంటుంది. 16 జీబీ ర్యామ్‌కి 6.4 జీబీ.

తీసెయ్యాలంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హైబర్నేట్, ఖాళీ, ఆఫ్. ఫైలు మాయమవుతుంది. దాంతోపాటు హైబర్నేట్, ఫాస్ట్ స్టార్టప్, హైబ్రిడ్ స్లీప్ మూడూ పోతాయి. డెస్క్‌టాప్‌లో చోటు ఇరుకైతే సరే. ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దంటాను. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు మీ పనిని కాపాడేది ఆ ఫైలే.

మూత వేస్తే స్లీప్ బదులు హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఆ పైన ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’. బ్యాటరీ మీద ఉన్నప్పటికి, చార్జర్ పెట్టి ఉన్నప్పటికి వేరువేరు గడులుంటాయి. నేను బ్యాటరీ గడిలో హైబర్నేట్, చార్జర్ గడిలో స్లీప్ పెట్టుకున్నాను.

మ్యాక్‌లో హైబర్నేట్ లేదా?

మెనూలో లేదు, లోపల ఉంది. ఆపిల్ 2005లోనే పవర్‌బుక్‌లలో ‘సేఫ్ స్లీప్’ పెట్టింది. మ్యాక్‌బుక్ స్లీప్‌లోకి వెళ్తూ ర్యామ్ కాపీని డిస్కు మీద కూడా రాసిపెట్టుకుంటుంది, బ్యాటరీ పూర్తిగా అయిపోతే అక్కడి నుంచి లేస్తుంది. మామూలు వాడకానికి మీరు చేయాల్సిందేమీ లేదు, మూత వేసెయ్యండి.

లినక్స్‌లో హైబర్నేట్ చేసి ఆన్ చేస్తే, ఏమీ గుర్తులేనట్టు కొత్తగా బూట్ అవుతోంది

మూడు చోట్ల చూడండి. మొదటిది స్వాప్, అంటే ర్యామ్‌కి తోడుగా డిస్కు మీద కేటాయించే చోటు. లినక్స్ ర్యామ్ కాపీని స్వాప్‌లో రాస్తుంది, అది ర్యామ్ అంత ఉంటే నిశ్చింత. రెండోది, ఆ స్వాప్ ఎక్కడుందో బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కి చెప్పే ‘రెజ్యూమ్’ సెట్టింగ్. అది లేకపోతే రాసిన కాపీ ఉన్నా చూడకుండా దాటిపోతుంది. మీరు చెప్పిన లక్షణానికి ఇదే ఎక్కువసార్లు కారణం. మూడోది సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ. అది ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) కెర్నెల్ హైబర్నేట్‌నే ఒప్పుకోదు.

## తేడా కొట్టినప్పుడు

అర్ధరాత్రి దానంతట అదే ఆన్ అయిపోతోంది. దెయ్యమా, వైరసా?

రెండూ కాదు. లేచిన వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ లాస్ట్‌వేక్ అని కొట్టండి. ఎవరు లేపారో చాలాసార్లు పేరుతో సహా చెప్తుంది. మౌస్ అయితే బల్ల కదిలినా లేస్తుంది. డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో కంప్యూటర్‌ని లేపే అనుమతికి ఉన్న టిక్కు తీసెయ్యండి. నెట్‌వర్క్ కార్డు అయినా అదే మందు. టైమర్ అయితే, అంటే అప్‌డేటో షెడ్యూల్ చేసిన పనో అయితే, పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో స్లీప్ కింద ‘అలో వేక్ టైమర్స్’ని డిజేబుల్ చేయండి.

ఎంతసేపు వదిలేసినా స్లీప్‌లోకి వెళ్లడం లేదు

ఎవరో పట్టుకుని కూర్చున్నారు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ రిక్వెస్ట్స్ కొడితే డిస్‌ప్లే, సిస్టమ్ వగైరా శీర్షికలు వస్తాయి. అన్నింటి కింద ‘నన్’ అని ఉంటే ఎవరూ పట్టుకోలేదు. ఒకసారి ఒకరి డెస్క్‌టాప్‌లో సిస్టమ్ కింద సౌండ్ డ్రైవర్ పేరు, దాని కింద ‘ఏదో ఆడియో స్ట్రీమ్ వాడుకలో ఉంది’ అని ఇంగ్లిష్‌లో ఒక లైను ఉంది. స్పీకర్లలో చప్పుడు లేదు. వెతికితే, బ్రౌజర్‌లో నలభై ట్యాబుల వెనక ఒకటి గొంతు నొక్కేసిన వీడియోని తిప్పుతూనే ఉంది. ఆ ట్యాబు మూశాం, పావుగంటలో స్లీప్‌లోకి జారుకుంది.

మూత వేసి బ్యాగులో పెట్టాను, తీసేసరికి పెనంలా కాలిపోతోంది

నాకూ అయింది. మూత వేసి, లైటు ఆరడం కూడా చూసి, మెత్తటి కవర్‌లో దూర్చి బ్యాగులో పెట్టాను. మూడు గంటల ప్రయాణం. దిగాక జిప్పు తీస్తే వేడిగాలి మొహానికి కొట్టింది. ఫ్యాను గోలపెడుతోంది. 80 శాతం ఉన్న బ్యాటరీ 11కి వచ్చింది.

పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ స్లీప్‌స్టడీ అన్న కమాండ్ ఒక రిపోర్టు తయారుచేస్తుంది. స్టాండ్‌బైలో ఉన్న ఒక్కో విడతలో ఎంత బ్యాటరీ పోయింది, ఎవరు నిద్రపోనివ్వలేదు అన్నది అందులో వరసగా ఉంటుంది. నా ప్రయాణం దగ్గర వైఫై కార్డు పేరు కనిపించింది. నెట్‌వర్క్ దొరక్క వెతుక్కుంటూ, తనూ పడుకోలేదు, మిగతావాళ్లనీ పడుకోనివ్వలేదు. వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేశాక తగ్గింది.

అయినా ఆ రోజు నుంచి బ్యాగులో పెట్టే ముందు హైబర్నేటే. గాలి ఆడని చోట వేడెక్కడం బ్యాటరీకి మంచిది కాదు, బ్యాటరీ ఉబ్బితే అది వేరే తలనొప్పి. మీకు ఇప్పుడే ఇలా అయి ఉంటే, బయటికి తీసి చల్లారేదాకా చార్జింగ్ పెట్టకండి.

లేపితే ఫ్యాను తిరుగుతోంది గానీ స్క్రీన్ నల్లగానే ఉంది

విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. రాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవడమే, సేవ్ చేయని పని పోతుంది. మాటిమాటికీ అవుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్, బయాస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్) అప్‌డేట్లు ఉన్నాయేమో తయారీదారు సైట్‌లో చూడండి.

స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే నా ఫైళ్లు పోతాయా?

సేవ్ చేసినవి పోవు. సేవ్ చేయకుండా తెరిచి వదిలేసినవి పోతాయి, హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ అయితే తప్ప. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి గండం లేదు.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి ఏమీ కాపీ కావడం లేదు

విండోస్ హైబర్నేట్‌లో ఉంది, లేదా ఫాస్ట్ స్టార్టప్‌తో సగం నిద్రలో ఉంది. దాని దృష్టిలో ఆ డ్రైవ్ ఇంకా తెరిచే ఉంది. లినక్స్ అది గమనించి రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే తెరుస్తుంది. బలవంతంగా రాయించే దారులు ఉన్నాయి గానీ ఫైళ్లు చెడిపోతాయి, వద్దు. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి.

హైబర్నేట్‌లో ఉండగా పెన్‌డ్రైవ్ పీకొచ్చా? ర్యామ్ మార్చొచ్చా?

పెన్‌డ్రైవ్‌లోని ఫైలు తెరిచి ఉంటే పీకకండి. ర్యామ్ అయితే అసలు ముట్టుకోవద్దు. లేచాక పాత ర్యామే ఉందనుకుని కాపీని వెనక్కి పోస్తుంది, అక్కడ ఇంకోటి ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. పార్టులు మార్చాలంటే పూర్తి షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి మార్చాలి.

## భద్రత

స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే? పాస్‌వర్డ్ ఉంది కదా

మామూలు దొంగకి ఆ పాస్‌వర్డ్ చాలు. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లు, అంటే తాళంచెవి లేనిదే చదవలేని సంకేతంలోకి మార్చుకున్నవాళ్లు, మాత్రం ఒక సంగతి తెలుసుకోవాలి. స్లీప్‌లో ఉన్నంతసేపూ ఆ తాళంచెవి ర్యామ్‌లోనే ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు, వారితో పనిచేసిన మరికొందరు, ర్యామ్ చిప్పులని చల్లబరిచి, కరెంటు తీశాక కూడా అందులోంచి ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు రాబట్టి చూపించారు. చల్లగా ఉంటే చార్జి నెమ్మదిగా కారుతుంది, అదీ కిటుకు. మన ఫొటోల కోసం ఇంత కష్టపడేవాళ్లు ఉండరు. ఆఫీసు రహస్యాలు మోసుకు తిరిగేవాళ్లయితే బిట్‌లాకర్‌కి (విండోస్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసేది) కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు అడిగే పిన్ పెట్టుకుని, ప్రయాణాల్లో హైబర్నేట్ వాడాలి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు ఎలా ఇవ్వాలి?

షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి ఇవ్వండి. స్లీప్‌లో ఇస్తే వాళ్లు విప్పే ముందు బ్యాటరీ తీసేస్తారు, తెరిచి ఉన్న పని పోతుంది. హైబర్నేట్‌లో ఇస్తే పార్టు మార్చాక సరిగ్గా లేవకపోవచ్చు.